మదీనత్ ఖలీఫాలో రెండు కొత్త రికార్డులు, ఒక అత్తగారు

ఈ ప్రయాణం మా అత్తయ్యగారి అలక వల్ల మొదలైంది. అలక అంటే ఆవిడ ఒప్పుకోరు. "నాకెందుకు అలక? ఊరికే వెళ్తానంటున్నాను" అంటారు. ఆవిడ తెనాలిలో నలభై ఏళ్ళపాటు పిల్లలకి ఫిడేలు నేర్పారు. మూడేళ్ళ కిందట కుడిచేతికి వణుకు వచ్చి, కమాను తీగ మీద నిలవడం మానేసింది. ఆ వారమే ఫిడేలుని పెట్టెలో పెట్టి, పెట్టెని బీరువా మీదికి ఎక్కించి, పిల్లల్ని వేరే మాస్టారి దగ్గరికి పంపేశారు. అప్పటినుంచి వినడం కూడా మానేశారు. పక్కింట్లో కీర్తన మోగితే లేచి వంటింట్లోకి వెళ్ళిపోతారు. అలాంటి మనిషిని మూడు నెలలు తన దగ్గర ఉండమని నా భార్య సుధ ఎంతో బతిమాలి ఖతర్ రప్పించింది. మాల్స్ చూపించాం, సముద్రం ఒడ్డున కార్నిష్ చూపించాం. ఒంటెను చూపిస్తే "పాపం, దీనికీ ఇక్కడ తోచడం లేదు" అన్నారు. నాలుగో వారంలో నన్ను పిలిచి, "టికెట్ ముందుకి జరిపించండి అల్లుడుగారూ, ఆదివారానికి వెళ్ళిపోతాను" అని తేల్చేశారు. ట్రావెల్స్ ఆయన శుక్రవారం సాయంత్రం ఏడింటికి ఫోన్ చేసి ఖాయం చేసుకుంటానన్నాడు. సుధ ఆ రాత్రంతా నాతో మాట్లాడలేదు, వాళ్ళమ్మకి నచ్చని ఆ ఒంటె నేనే అన్నట్టు.

సరిగ్గా ఆ శుక్రవారమే దోహాలోనే మదీనత్ ఖలీఫా అనే పేటలో, ఆంథనీ గారనే పెద్దాయన ఇంట్లో కొత్త రికార్డులు వినే రోజు. నెలకోసారి ఉంటుంది. ఈ బ్లాగు చదివే ఏడెనిమిది మందికీ నా పిచ్చి తెలిసిందే. ప్రయోగాత్మక జాజ్‌లో, యూదుల సంగీతంలో కొత్తగా ఏమొచ్చినా వినకపోతే నాకు ముద్ద దిగదు. దోహాలో ఇలాంటివి వినాలనుకునేవాళ్ళు దారి, ఖర్చు అడుగుతూ ఉంటారు కాబట్టి అన్నీ వివరంగా రాస్తున్నాను. సుధకి ఆ రోజు డ్యూటీ. అత్తయ్యగారిని ఒక్కరినే ఇంట్లో వదల్లేను, ఆంథనీ గారిల్లు మానలేను. "ఒక పెద్దాయన ఇంటికి వెళ్దాం, మంచి టీ ఇస్తారు" అన్నాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

మేముండేది అల్ అజీజియాలో. శుక్రవారాలు మెట్రో మిగతా రోజులకన్నా ఆలస్యంగా మొదలవుతుంది, వేళలు చూసుకుని బయల్దేరండి. మేం పన్నెండున్నరకి గోల్డ్ లైన్ ఎక్కాం. మనిషికి రెండు రియాల్స్. రోజంతా తిరిగేట్టయితే ఆరు రియాల్స్ పాస్ మేలు. కుటుంబాలకి వేరే భాగం ఉంటుంది, పెద్దవాళ్ళకి సీటు దొరుకుతుంది. అత్తయ్యగారు దారిపొడుగునా చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, బండి ఎక్కడ ఆపితే అక్కడ దిగిపోయేవాళ్ళలా కూర్చున్నారు.

అల్ సద్‌లో దిగడానికి కారణం క్యారేజీ. సుధ పనిచేసే క్లినిక్ స్టేషన్‌కి పది నిమిషాల నడక. అత్తయ్యగారు తను వండిన కాకరకాయ వేపుడు, పప్పు కూతురికి వేడిగా అందాలని పట్టుబట్టి తెచ్చారు. వాళ్ళమ్మ మంచినీళ్ళ కోసం లోపలికి వెళ్ళగానే సుధ నన్ను పక్కకి లాగింది.

"ఎక్కడికి తీసుకెళ్తున్నారు?"

"ఆంథనీ గారింటికి."

"ఆ గోల వినడానికా? మా అమ్మనా? ఆదివారం దాకా ఎందుకు, ఈ రాత్రికే వెళ్ళిపోతుంది!" ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఏడింటికి ఆయన ఫోన్ చేస్తాడండీ. ఎన్నేళ్ళకి వచ్చింది అమ్మ... ఏదో ఒకటి చెయ్యండి" అంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. నేను ధైర్యంగా తలూపాను. నా దగ్గర ఉపాయం ఏమీ లేదు.

అల్ సద్ నుంచి మదీనత్ ఖలీఫాకి టాక్సీయే సుఖం, ఇరవై రియాల్స్ లోపే అవుతుంది. మాకు దొరికిన డ్రైవర్‌ది జగిత్యాల దగ్గర పల్లె. మా తెలుగు వినగానే అద్దంలోంచి నవ్వాడు.

"సుట్టాలింటికా సార్, దావత్ ఉన్నదా?"

"కాదు, రికార్డులు వినడానికి."

"పాటలు వినెతందుకు టాక్సీ కట్టుకొని పోతున్నరా? ఫోన్ల వస్తలేవా?"

"ఈ పాటలు ఫోన్లో వినేవి కావులే."

"గట్లనా! మా అమ్మకు జెప్పాలె. దుబాయ్ల పాటలు వినుడు గూడ అంత ముష్కిలని."

"ఇది దుబాయ్ కాదు కదయ్యా" అన్నారు అత్తయ్యగారు.

"ఆమెకు ఏడేండ్ల సంది జెప్తున్న అమ్మా. ఖతర్ అంటే ఇనది. దుబాయే." అత్తయ్యగారు ఆ నాలుగు వారాల్లో మొదటిసారి ఎదుటి మనిషిని ఆసక్తిగా చూశారు. నాకు కాస్త ఆశ పుట్టింది.

ఆంథనీ గారు గోవా మనిషి. హోటళ్ళ బ్యాండ్లలో పాతికేళ్ళు శాక్సోఫోన్ ఊదారు, ఇప్పుడు టీచరుగా చేసే కూతురి దగ్గర ఉంటున్నారు. రికార్డులు ఆయన చుట్టాల సూట్‌కేసుల్లో, చీరల మడతల మధ్య వస్తాయి. ఆయనింటి పద్ధతులు ముందే తెలుసుకోండి. చెప్పులు బయట, ఫోన్లు లోపల. లోపలంటే ప్రెషర్ కుక్కర్ లోపల. గుమ్మంలోనే మూత తీసి పట్టుకుంటారు, ఫోన్ వేశాక బిగిస్తారు. రికార్డు మీద ముల్లు దిగాక మళ్ళీ ఎత్తేదాకా ఎవరూ మాట్లాడకూడదు. రాజకీయాలు టీ అయ్యాక కూడా మాట్లాడకూడదు. ఆ రోజు మాతోపాటు వచ్చింది ఒక్క డాక్టర్ సమీరా మాత్రమే. ఆవిడ ఈజిప్టు దంతవైద్యురాలు. మూడింటికి అందరం తివాచీ మీద కూర్చున్నాం.

మొదటి రికార్డు ప్రయోగాత్మక జాజ్. పేరు అడగకండి, అట్ట మీద ఒక చుక్క తప్ప ఏమీ లేదు. శాక్సోఫోన్, డ్రమ్స్, తీగల మధ్య మేకులూ మరలూ ఇరికించిన పియానో. ముల్లు దిగగానే శాక్సోఫోన్ తలుపు సందులో వేలు పడ్డట్టు అరిచింది. నేను అలవాటుగా కళ్ళు మూసుకుని తలూపుతున్నాను. పక్కన టప్ టప్ మని చప్పుడు. చూద్దును కదా, అత్తయ్యగారు తొడమీద ఆది తాళం వేస్తున్నారు. సంగీతం ఎక్కడ వినబడినా మనవాళ్ళ చెయ్యి ఊరుకోదు కదా. ఆది కుదరలేదు. రూపకానికి మారారు. అదీ కుదరలేదు. ఖండచాపు పట్టుకుని, రెండు ఆవర్తాలు గెలిచినట్టే కనిపించి, మళ్ళీ ఓడిపోయారు. ఆంథనీ గారు మర్యాదగా దగ్గారు. అప్పుడు డ్రమ్స్ ఒంటరిగా మొదలయ్యాయి. అత్తయ్యగారి ముఖం వెలిగింది. మన కచేరీల్లో మృదంగం ఒంటరిగా వాయించే తని ఆవర్తనం అనుకున్నారు పాపం. వేళ్ళు మడుస్తూ, లెక్కపెడుతూ, తాళం మొదలయ్యే సమానికి తిరిగి ఎప్పుడొస్తాడా అని ఒళ్ళంతా చెవులు చేసుకుని ముందుకి వంగారు. ఆయన ఎంతకీ రాలేదు. ఉరిమాడు, గీకాడు, చివరికి ఏదో పళ్ళెం కింద పారేసి ఊరుకున్నాడు.

"సమానికి రానేలేదు!" అన్నారు అత్తయ్యగారు గది దద్దరిల్లేలా.

ఆంథనీ గారు ముల్లు ఎత్తేశారు. ఆయనింట్లో పాట మధ్యలో ముల్లు లేవడం నేనెప్పుడూ చూడలేదు. ఎంత తిరిగినా మొదటి దెబ్బకి వచ్చి చేరాలనేది మా పద్ధతి అని ఇంగ్లీషులో విన్నవించుకున్నాను.

"ఇందులో మొదటి దెబ్బంటూ లేదమ్మా" అన్నారాయన హిందీలో, చాలా ఓపికగా.

అత్తయ్యగారు చిన్నప్పుడు హిందీ పరీక్షలన్నీ పాసయ్యారు. వార్తలు చదివేవాళ్ళ హిందీలో జాలిగా అడిగారు. "మరి ఆయన ఇంటికి ఎలా వెళ్తాడు?"

ఆంథనీ గారు ఆ రికార్డుని అట్టలోకి దోపేశారు. రెండో రికార్డు అందుకున్నారు. ఇది యూదుల సంగీతం. తూర్పు యూరప్‌లో వాళ్ళ పెళ్ళిళ్ళలో వాయించిన పాత వరసలు, మాటలు లేకుండా రాగంతోనే పాడుకునే ప్రార్థనలు తీసుకుని, ఈ కాలపు కళాకారులు ముక్కలు చేసి, తిరగేసి, మళ్ళీ అతికిస్తారు. ఇందులో ఉన్నవి ఒక ఫిడేలు, ఒక క్లారినెట్ అంతే. ఫిడేలు సంగతి ఆంథనీ గారు అట్ట చదివి చెప్పారు. ఆ విషయం నాకూ ముందు తెలియదు. ఆవిడ లేచి వెళ్ళిపోతారనుకున్నాను. ఆంథనీ గారింట్లో వంటిల్లు ఎటుందో వెతుక్కుంటారనుకున్నాను.

ఫిడేలు మెల్లగా ఒక వరస ఎత్తుకుంది. అత్తయ్యగారు కదల్లేదు. "మాయామాళవగౌళ" అని గొణిగారు. కాసేపటికి, "కాదు కాదు, నిషాదం దించాడు. వకుళాభరణం!"

"హిజాజ్" అంది సమీరా ఆ వరసకి తమ అరబ్బు పేరుతో, తగ్గేది లేదన్నట్టు.

"వకుళాభరణం."

"హిజాజ్. మా తాతగారి పెళ్ళిలో కూడా ఇదే వాయించారు."

ఆంథనీ గారు నెత్తి పట్టుకున్నారు. ఇద్దర్నీ గెంటేసే పనేనని నేను లేవబోతున్నాను. ఇంతలో ఫిడేలు వరస వదిలేసి కీచుమంది. కమాను అటూ ఇటూ జారి, తీగ మీద వణికి, గరగరమని గీరింది. ఒకసారి కాదు, ఆ గీరుడు మీదే వరసంతా మళ్ళీ నడిపించాడాయన. విరిగిపోతూ, తడబడుతూ, ఆ ప్రార్థన చివరిదాకా వెళ్ళింది. క్లారినెట్ పక్కనే నడుస్తూ తోడుండిపోయింది. ముల్లు లేచింది. అత్తయ్యగారు నవ్వుతున్నారు. కొంగుతో కళ్ళు తుడుచుకుంటున్నారు కూడా.

"నలభై ఏళ్ళు పిల్లల్ని ఈ చప్పుడు చెయ్యొద్దని తిట్టానండీ. ఈయన కావాలని చేసి, రికార్డులో పెట్టుకున్నాడు!" అని, గోడ వైపు చూపించారు. అక్కడ అలంకారానికి ఒక ఫిడేలు వేలాడుతోంది, బ్యాండ్‌లో ఎవరో వదిలేసి వెళ్ళినది, మూడే తీగలున్నది. "అది కాస్త ఇప్పించండి."

తివాచీ మీద బాసింపట్టు వేసుకుని, ఫిడేలు తల చీలమండ దగ్గర ఆనించి, మూడు తీగల్నీ మన శృతికి దించుకున్నారు. కమాను పెట్టగానే చెయ్యి వణికింది. గరగర. ఆగి మా ముఖాలు చూశారు. మళ్ళీ పెట్టారు. చిన్నపిల్లలకి మొదట నేర్పే సరళీ వరస, గీరుతూ, జారుతూ, ఒక్క స్వరం కూడా వదలకుండా చివరిదాకా వాయించారు. ఆంథనీ గారు కళ్ళు మూసుకుని విని, మెల్లగా తెరిచి, చాలా గౌరవంగా అడిగారు.

"అమ్మా, కమానుతో ఈ టెక్నిక్ ఎక్కడ నేర్చుకున్నారు?"

"ఎక్కడా నేర్పరు నాయనా. డెబ్భై దగ్గర పడితే దానంతటదే వస్తుంది."

టీ వచ్చింది. నన్ను దుబాసీగా కూర్చోబెట్టుకుని, రాగం పేరు మీద సమీరాతో అత్తయ్యగారు మళ్ళీ మొదలెట్టారు, బిస్కెట్లు అయ్యేదాకా తేలలేదు. వెళ్ళేటప్పుడు ఆంథనీ గారు ఫిడేలు ఆవిడ చేతిలోనే ఉంచేశారు. "గోడకి బాగానే ఉంటుంది కానీ, గోడ వాయించదు కదా" అన్నారు.

ఇల్లు చేరాక నేను కుక్కర్‌లోంచి తీసిన ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను. ఆవిడ పడగ్గదిలో తలుపు వేసుకుని వాయిస్తున్నారు. ఆరున్నర దాటాక ఎందుకో వీధి తలుపు తీస్తే, వరండాలో సుధ నిలబడి ఉంది. బెల్ కొట్టలేదు. ఖాళీ క్యారేజీ గుండెలకి హత్తుకుని, గోడకి ఆనుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. "మూడేళ్ళయిందండీ" అంది. నాకూ ఏడుపొచ్చింది. ఇద్దరం అలా బయటే నిలబడి ఉండగా ట్రావెల్స్ ఆయన ఫోన్. లోపలికి వెళ్ళి అత్తయ్యగారికి అందించబోతే, కమాను ఆపకుండానే అన్నారు. "జరపొద్దని చెప్పండి. ఈ ఊళ్ళో నాలుగో తీగ ఎక్కడ దొరుకుతుందో కనుక్కోండి ముందు."

ఐదేళ్ళుగా ఇలాంటి సంగీతం వింటున్నాను, దాని గురించి రాస్తున్నాను. కొత్తదనం, నియమాలు బద్దలుకొట్టడం లాంటి మాటలు నేనూ చాలా వాడాను. అవన్నీ తప్పని కాదు. కానీ ఎక్కడో ఒక ఊళ్ళో ఒక వాద్యకారుడు తన ఫిడేలు గీరుడుని దాచుకోకుండా మనకి వినిపించడం వల్ల, బాగా వాయించలేనప్పుడు వాయించడమే మానెయ్యాలని నమ్మిన మనిషి మళ్ళీ కమాను పట్టుకుంది. కొత్త సంగీతం ఎవరికోసం వస్తుందని అడిగేవాళ్ళకి ఇకమీదట నేను మా అత్తయ్యగారిని చూపిస్తాను. సుధ ఇప్పుడు రాత్రి భోజనాల దగ్గర "ఆ గోల" అనడం లేదు, "అమ్మ వాయించే బాణీ" అంటోంది.

ఒక చిట్కా. మదీనత్ ఖలీఫాలో తిరుగు టాక్సీ కోసం పెద్ద రోడ్డు దాకా నడవాలి, గొడుగు దగ్గర పెట్టుకోండి. చేతిలో ఫిడేలు ఉంటే మాత్రం ఎంత బరువనిపించినా కారు డిక్కీలో పెట్టకండి, ఇక్కడి వేడికి జిగురు వదిలి చెక్కలు విడిపోతాయి. చంటిపిల్లని కూర్చోబెట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకోండి. మా అత్తయ్యగారు అల్ అజీజియా దాకా అలాగే కూర్చున్నారు, ఒక్కసారి కూడా నన్ను పట్టుకోనివ్వలేదు.