తగరపు గీత

సలేహాకు లెక్కలంటే ప్రాణం, మట్టి సంగతి పెద్దగా పట్టేది కాదు. తీరా యూనివర్సిటీలో పరిశోధనకు దొరికిన అంశం మట్టిదే. శంషాబాద్ చుట్టుపక్కల నేలలో ఏ మూలకం ఎక్కడ ఎంత ఉందో గణితంతో చెప్పాలి. సరేనని సంచి భుజాన వేసుకుంది. గళ్లు గీసిన పటం పట్టుకుని ఊరూరా తిరుగుతూ ఒక్కో గడిలో ఒక్కో చోట పిడికెడు మట్టి తీసేది. ఎరువు పడిన పొలం పనికిరాదు, ఇళ్ల మధ్య మట్టీ పనికిరాదు. దున్నని ఖాళీ జాగా కావాలి. అలాంటిది ఏ ఊళ్లోనైనా ఊరి మొదట్లోనే కనిపించేది. ఎండలో నడక తప్పినందుకు ఆమెకూ సంతోషమే.

లెక్క సూత్రం చెప్పుకుంటే చాలా మామూలుది. పక్కపక్కన ఉన్న నేలల గుణాలు దగ్గరదగ్గరగా ఉంటాయి, దూరం పెరిగేకొద్దీ ఆ చుట్టరికం పలచబడుతుంది. ఎంత దూరానికి ఎంత పలచబడుతుందో ఒక సమీకరణంలో పెడితే, మట్టి తీయని చోట కూడా ఏముందో అంచనా కట్టవచ్చు. విమానాశ్రయం గోడ లోపల ఆమెను మట్టి తీయనివ్వలేదు. ఆ ఖాళీని లెక్కే నింపింది.

2011 ఎండాకాలంలో ఫలితాలు వచ్చాయి. ఇనుము, రాగి బుద్ధిగా సమీకరణం చెప్పినట్టే ఉన్నాయి. తగరం మాత్రం పాల్మాకుల, మంఖాల్, రావిర్యాల దగ్గర ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు ఎక్కువగా తేలింది. లెక్క ఆ మూడింటినీ కలిపి, విమానాశ్రయం కింద నుంచి ఒక చక్కటి పట్టీ గీసింది. గైడు కళ్లద్దాలు సర్దుకుని పటాన్ని రెండుసార్లు చూశారు.

"ఇది తగరపు పొర కావచ్చమ్మా. మీ థీసిస్‌కు ఇదే ప్రాణం. వచ్చే సెమినార్‌లో దీని గురించే మాట్లాడండి" అన్నారు.

సలేహా ఆనందానికి హద్దు లేదు. ఇంటికి వచ్చి పటాన్ని నేల మీద పరిచింది. తండ్రి విలాయత్ అలీ చాయ్ గ్లాసు పక్కన పెట్టి వంగి చూశాడు. రాగి, ఇత్తడి పాత్రలకు తగరంతో కళాయి పూయడం ఆయన పని. ఆ పనిని స్టీలు బిందెలు సగం మింగితే, విమానాశ్రయం గోడ దారికి అడ్డం వచ్చి మిగతా సగం మింగింది. యూనివర్సిటీలో ఎవరైనా అడిగితే సలేహా "మా నాన్నది వ్యాపారం" అనేసి మాట మార్చేది. కళాయి అంటే నవ్వుతారని భయం. నవ్వేవాళ్లూ ఉన్నారు లెండి.

"పాల్మాకుల, ఇగ గిట్లొచ్చి మంఖాల్, ఆఖర్కి రావిర్యాల. నా సైకిల్ తొవ్వ ఎందుకు గీసినవ్ బేటా?"

"మీ తొవ్వ గాదు అబ్బాజాన్. నేల కింద తగరం ఉన్నదని లెక్క చెప్తున్నది."

"నేల కింద ఏంది? ఊళ్లె పొగ పెడితే ఆడోళ్లు ఊకుంటరా? ఏ ఊరికి పోయినా ఊరి మొదట్ల ఖాళీ జాగలనే కొలిమి పెడుతుంటి. తగరం జర కారకుంట ఉంటదా?"

సలేహా పటం మీది ఆ మూడు చుక్కలనూ మళ్లీ చూసింది. మర్నాడు పొద్దున్నే పాల్మాకుల వెళ్లి అదే చోట మోకాలి లోతు తవ్వింది. పరీక్షలో తేలింది ఇదీ: తగరమంతా పైన జానెడు మట్టిలోనే ఉంది, కింద ఏమీ లేదు. ఖాళీ జాగా వెతుక్కుని తండ్రి కూర్చున్న చోటే, ఖాళీ జాగా వెతుక్కుని కూతురూ మట్టి తీసింది.

ఇక సెమినార్ ఉంది. మట్టి తీయడంలో పొరపాటు జరిగిందని చెప్పి ఆ మూడు చుక్కలూ తీసేస్తే ఏ గొడవా ఉండదు, ఎవరూ ఏమీ అడగరు. ఆ ఒక్క మాటతో బయటపడాలని ఆమెకు ఎంతగానో అనిపించింది. కానీ లేచి నిలబడి పటం చూపిస్తుంటే ఆ మాట నోట రాలేదు.

"ఇది భూమిలో పుట్టిన తగరం కాదు. మా నాన్న కళాయి పూస్తారు. ఇవి ఆయన కొలిమి పెట్టిన చోట్లు" అంది.

వెనక వరుసలో ఎవరో నవ్వారు. గైడు నవ్వలేదు కానీ ఆయన ముఖం వాడిపోయింది. ఆ అధ్యాయం పోయింది, థీసిస్ ఇంకో ఏడాది వెనక్కి జరిగింది. సలేహాకు ఏడుపు వచ్చింది. అయినా బస్సెక్కేసరికి ఎందుకో ఊపిరి తేలిగ్గా ఆడింది.

"నా తగరం తీసేసినవా మరి?" ఇంట్లో అడుగు పెట్టగానే అడిగాడు తండ్రి.

"తీయలే. గా చుక్కల పక్కన మీ పేరు రాసిన."

ఆయన చాలాసేపు పటం మీద తన పేరునే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత విమానాశ్రయం గోడ లోపల వేలు పెట్టాడు.

"గీడ గూడ తగరం ఉన్నదంటున్నది గదా నీ లెక్క?"

"అక్కడ మట్టి తీయలే అబ్బాజాన్. లెక్క ఉత్తగ అంచనా కట్టింది, గంతే. తప్పే అయ్యుంటది."

"తప్పెట్లయితది? గోడ రాకముందు గీడ ఒక ఊరుండె. అందరికన్న ఎక్కువ బిందెలు గాళ్లే ఇస్తుండిరి. పొద్దుగూకేదాంక కొలిమి ఆరనిస్తుంటిరా!"

పటంలో అక్కడ రన్‌వే తప్ప మరే గుర్తూ లేదు. సలేహా పెన్సిల్ తీసుకుని, ఆ ఊరి పేరు చెప్పమంది.