నవంబర్ దాకా విమానం లేదు

అత్తమ్మ జూన్‌లో చనిపోయింది. అప్పుడు మావారు అంటార్కిటికాలో ఉన్నారు. ఆయన భూకంపాల మీద పరిశోధన చేస్తారు. అక్కడి కేంద్రంలో ఏడాది ఉండే బృందంతో కిందటి డిసెంబర్‌లో వెళ్లారు.

ఆస్పత్రి నుంచి ఉప్పల్‌లోని మా ఇంటికి తెచ్చి హాల్లో పడుకోబెట్టాం. నాచారంలో ఉంటూ అక్కడే ఇంజనీరింగ్ కంపెనీలో పనిచేసే మా మరిది డ్యూటీ బట్టల్లోనే వచ్చి, తల్లి కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు. వచ్చినవాళ్లకు కుర్చీలు సరిపోతాయా అని చూస్తూ నిలబడ్డాను.

అత్తమ్మ చెల్లెలు జనగామ నుంచి వచ్చింది.

"ఫ్రీజర్ తెప్పియ్యిన్రి. పెద్దకొడుకు వచ్చేదాక ఉంచాలె," అంది.

"ఆయన రాలేరు, చిన్నత్తమ్మా."

"ఏం, ఎన్ని గంటల తొవ్వ?"

"అక్కడి నుంచి కేప్‌టౌన్‌కు ఆరు గంటలు. కేప్‌టౌన్ నుంచి దుబాయ్ మీదికెల్లి ఇక్కడికి ఒక రోజు పడుతది."

"గంతేనా! ఎల్లుండికల్లా వస్తడు గదా?"

"విమానమే లేదు. అక్కడిప్పుడు అంతా చీకటి. నవంబర్ దాకా ఏ విమానం దిగదు."

ఆమె నమ్మలేదు. పక్కింటాయన ఫోన్‌లో వెతికి, కేప్‌టౌన్ నుంచి అక్కడికి నాలుగు వేల కిలోమీటర్ల పైచిలుకు అని అందరికీ వినిపించేలా చదివాడు. చిన్నత్తమ్మ నా వైపు చూసింది, ఆయన్ను నేనే రానివ్వడం లేదన్నట్టు.

మరిది ఎలాగో లైన్ కలిపి ఫోన్ నా చేతికిచ్చాడు.

"అత్తమ్మ పోయింది," అన్నాను.

మన మాట అక్కడికి చేరి జవాబు రావడానికి ఎప్పుడూ కాస్త సమయం పట్టేది. ఈసారి లైన్ తెగిందేమో అనుకున్నాను.

"తమ్మునితోని చేపియ్యి. నా కోసం ఆపకున్రి," అన్నారు ఆయన. తర్వాత, "ఏ చీర కట్టిన్రు?" అని అడిగారు.

"ఇంకా కట్టలె."

"ఆకుపచ్చది కట్టున్రి."

అది ఇస్త్రీకిచ్చి ఉంది. మరిది సందు చివరి బండి దాకా పరిగెత్తి తెచ్చాడు. సాయంత్రానికి అంతా అయిపోయింది.

ఆ తర్వాత ఆదివారాలు మాట్లాడుకునేవాళ్లం. గ్యాస్ వచ్చిందా, అక్కడ గాలి తగ్గిందా, ఇవే మాటలు. అత్తమ్మ ఊసు ఇద్దరం ఎత్తలేదు.

గాలుల వల్ల మొదటి విమానాలు వాయిదా పడి, ఆయన డిసెంబర్‌లో వచ్చారు. చూడగానే ఏడుస్తాననుకున్నాను. గడ్డం బాగా పెరిగి ఉంది. "సామాన్లన్నీ వచ్చినయా?" అని అడిగాను. వచ్చాయన్నారు.

మర్నాడు పొద్దున్నే నాచారం వెళ్లి తమ్ముడి దగ్గర కూర్చుని వచ్చారు. అన్నం తిన్నారు. చేయి కడుక్కుని, "నాకింకా ఏం అనిపిస్తలేదు," అన్నారు.

"నాకు గూడ," అన్నాను.

ఇంట్లో కూరగాయలు లేవు. సంచి తీసుకుని ఇద్దరం బజారుకు నడిచాం.