బజారు మేడ మీద కాపురం

మొన్న గుడివాడలో మా వార్డు మీటింగుకి, రిటైరైనవాడికి వేరే పనేముంటుంది కనుక, నేనూ వెళ్ళి కూర్చున్నాను. మెయిన్ బజారులో కొట్ల మీద ఇళ్ళు కట్టుకుని కాపురం ఉండేవారికి కొన్నేళ్ళపాటు ఇంటిపన్ను మినహాయిస్తే బాగుంటుందని, అలాగైతే సాయంత్రానికే వెలవెలబోతున్న ఊరి నడిబొడ్డుకి మళ్ళీ మనుషులొస్తారని ఒకాయన వివరిస్తుంటే, అందరూ ఎన్నేళ్ళు, ఎంత అని ఆరా తీశారు. నాకు మాత్రం ఒకటే కుతూహలం: మేడ మీద ఉన్నది కాపురమో కాదో వీళ్ళు ఎలా తేలుస్తారు? నా ఈడువాళ్ళకి నవ్వు రావచ్చు గాని, ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ సంగతి తేల్చడానికి నేనెక్కని మేడమెట్లు లేవు.

అప్పట్లో నేను మున్సిపల్ ఆఫీసులో పన్నుల గుమాస్తాని. అలాంటి మినహాయింపే అప్పుడూ ఒకటి ఉండేది. కొట్టు మీద గదులు వేసి సంసారం పెడితే పై అంతస్తుకి కొంతకాలం పన్ను లేదు. సరుకు పెడితే ఉంది. ఆ తేడా చూడ్డానికి మా ఇన్‌స్పెక్టరు గారు, ఆయన వెనకాల నేను వెళ్ళేవాళ్ళం. మేం వస్తున్నామని తెలిస్తే చాలు, బెల్లం దిమ్మల మధ్య ఒక మంచం, గోడకి దేవుడి పటం, తీగ మీద తడిచీర వెలిసేవి. ఆ చీర ఎవరిదో, ఏ ఇంటి నుంచి తెచ్చారో కనుక్కోవాలని నాకు నోరు దురదపెట్టేది.

ఆ బజారులోనే బట్టల కొట్టాయన ఒకాయన ఉండేవాడు. బంధుత్వం లేకపోయినా ఊరంతా మావయ్యా అనే పిలిచేవాళ్ళం. ఆయన మేడ నిండా చీరల బేళ్ళే. మేం వెళ్ళే రోజుకి ఒక్కపూట పొయ్యి వెలిగించి కూర్చోవడానికి నందివాడ నుంచి తన మేనత్తని బస్సులో రప్పించాడు. ఆవిడ భర్త పెళ్ళయిన కొత్తలోనే ఎటో వెళ్ళిపోయి మరి రాలేదట. అప్పటినుంచి తమ్ముళ్ళ ఇళ్ళలో, అన్నకొడుకుల ఇళ్ళలో వంతులవారీగా ఉంటూ అందరికీ వండిపెట్టింది గాని, తనదనే పొయ్యి ఎరగదు. మావయ్య చేసిన పొరపాటల్లా, ఏదో ఒకటి వండుతూ ఉండమన్నాడే గాని ఏం వండాలో చెప్పకపోవడం. కొత్తచోట మొదటిసారి పొయ్యి వెలిగిస్తూ పాలు పొంగించకుండా మరొకటి ఎలా పెడుతుంది? పైగా ఇంటి ఆడపడుచాయె. పసుపు రాసి బొట్లు పెట్టిన గిన్నెలోంచి పాలు పొంగి పొర్లుతున్న సమయానికి మేం మెట్లెక్కాం.

కాపురం ఎన్నాళ్ళ నుంచమ్మా అని ఇన్‌స్పెక్టరు గారు అడిగారు. చాలా రోజులైందని చెప్పమని మావయ్య ముందే నూరిపోశాడని తర్వాత తెలిసింది. ఆవిడ మాత్రం, “ఇదిగో, ఇప్పుడే నాయనా. పాలు పొంగించాను కదా, ఇహ ఇక్కడే ఉంటాను,” అంది. మావయ్య మొహంలో నెత్తురుచుక్క లేదు. అబద్ధమని మాకు చెప్పలేడు. శకునం చూడందే కొట్టు తాళం తీయని మనిషి, ఆడపడుచు చేత పాలు పొంగించి, ఆ సాయంత్రమే పొయ్యి ఆర్పి బస్సెక్కించనూ లేడు. ఇన్‌స్పెక్టరు గారు బేళ్ళ వంకా ఆవిడ వంకా చూసి, అమ్మగారు ఉంటేనే మినహాయింపండీ, మళ్ళీ వచ్చి చూస్తాం అని మెల్లిగా అన్నారు. నేను నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాను.

మళ్ళీ చూడ్డానికి నేను డ్యూటీ లేకపోయినా వెళ్ళేవాణ్ణి. వెళ్ళినప్పుడల్లా కొన్ని బేళ్ళు కిందికి దిగేవి, వాటి చోట ఒక ఊరగాయ జాడీయో, పీటో వచ్చేది. ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని, సినిమా మొదటాటకి ఎవరు ఎవరితో వెళ్తున్నారో చూస్తూ, మెస్సు భోజనం తిని బతుకుతున్న నన్ను కేకేసి పైకి పిలిచి గోంగూర పచ్చడి వేసి అన్నం పెట్టేది.

మినహాయింపు గడువు తీరింది. ఇక పై అంతస్తుకీ పన్ను కట్టాలని నోటీసు ఇవ్వాల్సింది నేనే. పెళ్ళిళ్ళ సీజను, కింద కొట్టులో కాలుపెట్టే సందు లేదు. మావయ్యకి మేడ కావాలి. పైకి వెళ్ళేసరికి ఆవిడ చీరలు మడతపెట్టి సంచిలో సర్దుతోంది. వెళ్ళమని ఎవరూ అనలేదు. ఏ ఇంట్లోనైనా వంతు అయిపోగానే తనంతట తనే సర్దుకోవడం ఆవిడకి అలవాటు. నాకు దుఃఖం ముంచుకొచ్చింది. నా వెనకే వచ్చిన మావయ్య ఆ సంచి చూశాడు, నోటీసు చూశాడు. తర్వాత, “పన్ను కట్టేస్తాన్లే బాబూ,” అని నాతో అని, “అత్తా, మధ్యాహ్నానికి ఏం కూర?” అన్నాడు. ఆవిడ సంచిలోంచి చీరలు తీసి ఒక్కొక్కటే మళ్ళీ దండెం మీద వేసుకుంది.

చివరిదాకా ఆవిడ అక్కడే ఉంది. ఇప్పుడా చోట సెల్‌ఫోన్ల షోరూము, పైనంతా అద్దాలు, షట్టర్లు దించాక వీధిలో మనిషి అలికిడి ఉండదు. పన్ను తీసేస్తే మేడలు లేస్తాయేమో, కాదనను. వాటిల్లో ఎవరు ఉంటారో చూడాలని నాకూ ఉంది. ప్రస్తుతానికైతే, పైనుంచి కేకేసి భోంచేశావా నాయనా అని అడిగేవాళ్ళు ఆ బజారులో ఎవరూ లేరు. అయినా అటు వెళ్ళినప్పుడల్లా నేను తలెత్తే నడుస్తాను.