ఆరువేల మంది చూస్తుండగా చదివిన ప్రవల్లిక

"నా ఫోను, నా ప్లేటు. నడుమ నీదేంది అక్కా?" అని సాకేత్ కసిరాడు.

ఢిల్లీ కరోల్ బాగ్‌లో నా మెస్సుకు కలెక్టరు పరీక్షలకు చదివే తెలుగు పిల్లలే వస్తారు. ఈ వరంగల్ కుర్రాడు గ్లాసుకు ఫోను ఆనించి, బొమ్మలు చూస్తూ మింగుతున్నాడు. వెనక నలుగురు ఖాళీ కోసం నిలబడి ఉన్నారు. అందులో ప్రవల్లిక ఒకతి.

ఆ పిల్ల గొంతు పెంచలేదు. అతని పళ్లెం మీద ఇంకో పళ్లెం బోర్లించింది.

"నాదేమీ లేదు తమ్ముడూ. ఇప్పటిదాకా తిన్నావే, అదేం పప్పో చెప్పు. చెప్తే నేనే వెళ్లిపోతా."

"ఏం పప్పు... టమాటా పప్పు."

మెస్సంతా ఘొల్లుమంది. అది దోసకాయ పప్పు. వాడు అప్పటికి రెండుసార్లు వేయించుకున్నాడు! చెవులు ఎర్రబడి ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి పళ్లెం పక్కన ఫోను కనబడితే మజ్జిగ పోయనని నేను చెప్పేశాను. పిల్లలు అలిగి వేరే మెస్సుకు పోతే పోనీ అనుకున్నాను. ఎవరూ పోలేదు. నా వంట అలాంటిది.

ప్రవల్లికది కందుకూరు. నాన్న ఆర్టీసీలో కండక్టరు. నాలుగుసార్లు రాయి, రాకపోతే ఇంటికొచ్చెయ్ అని ఆయన మాట. రెండు అయిపోయాయి. మెస్సుకు ఎప్పుడూ ఫోను తెచ్చేది కాదు. "ఆ పిల్లను చూసి నేర్చుకోండర్రా" అని నేను అందరి ముందూ అనేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నా నోరు నేనే నొక్కుకోవాలనిపిస్తుంది.

మే నెలలో, మూడోసారి పరీక్షకు పది రోజుల ముందు, ఆ పిల్లకు జ్వరం వచ్చింది. క్యారియర్ పట్టుకుని మూడంతస్తులు ఎక్కాను. తలుపు తీసే ఉంది. బల్ల ముందు తల వంచుకుని కూర్చుంది. చేతిలో పెన్సిలు. "తల్లీ" అంటే, తిరిగి చూడకుండా పెదవి మీద వేలు పెట్టుకుంది. అబ్బ, ఏం దీక్ష అని మురిసిపోయి, క్యారియర్ బల్ల మీద పెట్టి వచ్చేశాను.

గంటన్నర తర్వాత ఖాళీ గిన్నెల కోసం వెళ్లాను. క్యారియర్ మూత తియ్యలేదు. పుస్తకంలో అదే పేజీ. నేను చదివింది మూడో తరగతే, అయినా బొమ్మ బొమ్మే కదా. నీలం రంగు నది గీసిన పటం. మర్నాడు వెళ్తే మళ్లీ ఆ నదే.

సాకేత్‌ను అడిగాను.

"ఆంటీ, నీకెరుక లేదా? అక్క లైవ్ పెడ్తది" అని ఫోను చూపించాడు. "అక్క చదువుతుంటే అందరు చూస్తరు. గిప్పుడు ఆరువేల మంది."

ఆ ఫోనులో ప్రవల్లిక ఉంది. పక్కన నా క్యారియర్ ఉంది. వాడు వెనక్కి జరిపితే, నూనె మరకల చీరలో నేనే వంగి క్యారియర్ పెడుతున్నాను! ఆరువేల మంది ముందు! కింద ఎవరో ఏదో రాశారు. సాకేత్ చదివి పెట్టాడు: "ఎవరీ ముసలమ్మ, అడ్డు తప్పుకోమనండి."

వాడి చేతిలోంచి ఫోను లాక్కుని కళ్ల దగ్గర పెట్టుకున్నాను. ముసలమ్మ అన్నందుకు కాదు. సరే, అందుకు కూడా. కానీ ఆ పిల్ల కళ్లు పుస్తకం మీద లేవు. పుస్తకానికి జానెడు పైన నిలబెట్టిన ఫోను మీద, అందులో పాకుతూ పోయే రాతల మీద ఉన్నాయి.

ప్రవల్లికను నిలదీశాను. దాచలేదు.

"మొదట్లో నిజంగానే చదివేదాన్ని పెద్దమ్మా. ఒకరోజు ఆపితే, నన్ను చూస్తూ చదివేవాళ్లు, నువ్వు లేకపోతే మేం చదవలేం అక్కా అని ఏడ్చారు. వాళ్ల కోసం కూర్చుంటున్నా."

"మరి నీ కోసం?"



పరీక్ష రోజు పొద్దుటి పేపరు రాసి, మధ్యాహ్నం దానికి వెళ్లకుండా నేరుగా మెస్సుకొచ్చింది. కూలరు ముందు కూర్చున్నా చెమటలు ఆగలేదు. వంద ప్రశ్నల్లో ముప్పైకి కూడా జవాబు గళ్లు దిద్దలేదట.

"రాకనా?"

"వచ్చినవే. చదివితే బుర్రకెక్కలేదు. రెండు గంటలు, నన్నెవరూ చూడట్లేదు పెద్దమ్మా. హాల్లో కాపలా ఉన్న సారు అందరినీ చూస్తున్నాడు కానీ నన్ను కాదు. ఎవరూ చూడకపోతే చదువుతున్నట్టే లేదు నాకు."

డెబ్బై ఏళ్లు బతికాను. కరువు చూశాను, తుపాను చూశాను. చూసేవాళ్లు లేక చదువు రాని మనిషిని చూడలేదు. దోసకాయ పప్పు దగ్గర అంత మందిని నవ్వించిన పిల్లేనా ఇది? కసురుదామనుకున్నాను. మజ్జిగ గ్లాసు చేతికిచ్చాను.

వారం తర్వాత, మధ్యాహ్నం భోజనాలు అయ్యాక నేను తోటకూర ముందేసుకుని కూర్చుంటే వచ్చింది. లైవ్ ఆపేసిందట. ఇంక ఒక్కసారే ఉంది పరీక్ష. చంకలో పుస్తకం, చేతిలో ఫోను లేదు. నా ఎదురుగా బల్ల మీద అదే నది పేజీ తెరిచింది. నది గీత మీద పెన్సిలు రెండుసార్లు పోనిచ్చి, తల ఎత్తింది.

"పెద్దమ్మా, ఒక్క గంట ఆ కూర పక్కన పెడతావా? ఏమీ చెయ్యొద్దు, మాట్లాడొద్దు. నేను చదువుతుంటే నన్ను చూస్తూ కూర్చో. రేపు ముప్పావుగంట. ఎల్లుండి అరగంట. ఆ తర్వాత కూడా తగ్గించుకుంటూ పో, నాకు చెప్పకుండా."