గునపం తాత ‘ఊఁ’ అన్న రోజు

గునపం తాతకి ఎవరి మీదా నమ్మకం లేదు. తన నీడ మీద కూడా లేదని జనం చాటుగా నవ్వుకునేవారు. అయినా ఆయన మాటకి ఎదురు లేదు. చెట్టూ చేమా లేని ఆ ఇసుకనేలలో మొదటి గునపం దించింది ఆయనే. కాలవ తవ్వించి, వచ్చినవాళ్ళకి నేల పంచి, ఊరంటూ ఒకటి నిలబెట్టాడు.

మొదట్లో వచ్చినవాళ్ళకంటే పోయినవాళ్ళే ఎక్కువ. అక్కడ కలప దొరకదు. మట్టిగోడలూ గడ్డికప్పూ ఎక్కడైనా వేసుకోవచ్చు గానీ, తలుపు మాత్రం ఎవరికి వాళ్ళు బండి మీద మోసుకొచ్చుకున్నదే. అందుకని చెప్పాపెట్టకుండా పోయేవాళ్ళు కూడా తలుపు ఊడదీసుకుని మరీ పోయేవారు. అప్పట్నుంచీ తాతకి ఒక అలవాటు పట్టుకుంది. తెల్లవారగానే వీధి వెంట నడుస్తూ ప్రతి గుమ్మం వైపూ ఓరగా చూసేవాడు. ఏ బందు వదులైనా, ఏ మేకు కదిలినట్టున్నా, వీళ్ళు మూటాముల్లే సర్దుతున్నారని తేల్చేసేవాడు. చాలాసార్లు అది నిజమే అయ్యేది. ఎవర్నీ ఒక్క మాట అడిగేవాడు కాదు. అడిగితే అబద్ధం చెబుతారని ఆయన అనుమానం.

ఓపిక తగ్గాక నేల పంచే పనీ, కాలవకి నీళ్ళు వదిలే పనీ కూతురికి అప్పగించాడు. అనుమానించే పని మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు. కూతురు చురుకైన మనిషే, కానీ మాట మెత్తన. ఆ మెత్తదనం ఆయనకి మింగుడుపడేది కాదు. పైగా అల్లుడు పట్నం వాడు. ఈమధ్య ఖాళీ బండి కట్టుకుని రెండుసార్లు పట్నం వెళ్ళి, ఖాళీగానే తిరిగొచ్చాడు. కాపురానికి ఇల్లు వెతుక్కోవడానికి కాకపోతే ఇంకెందుకు? తాతకి ముద్ద దిగలేదు.

ఒక ఉదయం కూతురింటి గుమ్మానికి తలుపు కనిపించలేదు. గోనెపట్టా వేలాడుతోంది. లోపల ఎవరూ లేరు. తాత మేకులు పీకిన గుంటల్ని వేలితో తడిమి, నేరుగా వడ్రంగి కొట్టుకి నడిచాడు.

“మా అమ్మాయి వాళ్ళ తలుపు బాగుచెయ్యమని నీకిచ్చారా?”

“లేదే తాతా. ఏం, ఊడదీశారా?”

“ఊఁ” అన్నాడు తాత.

అంతే. ఆ ‘ఊఁ’ వీధి వీధంతా పాకింది. తాత చూపు తప్పదని అందరికీ తెలుసు. నీళ్ళు వదిలే మనిషే పోతుంటే ఇక అక్కడ ఉండి చేసేదేముంది? కమ్మరి ఇంట్లో మేకులు పీకుతున్న చప్పుడు మొదలైంది.

తాతకి అదేమీ తెలియదు. కూతుర్ని చాటుగా పట్టుకుందామని కాలవ చివరిదాకా వెళ్ళాడు. అక్కడ కొత్తగా వచ్చినవాళ్ళ గుడిసెకి కూతురింటి తలుపు బిగించి ఉంది. లోపల పసిబిడ్డని ఒళ్ళో పెట్టుకుని ఒక బాలింత కూర్చుంది.

“మేం తలుపు తెచ్చుకోలేదు, నక్కలేమో గుమ్మం దాకా వస్తున్నాయని మీ అమ్మాయిగారే నిన్న తెచ్చి బిగించారండీ. కలప కోసం మీ అల్లుడుగారు రెండుసార్లు పట్నం తిరిగారు పాపం, దొరకలేదట” అంది.

తాతకి ప్రాణం లేచొచ్చింది. వెంటనే సిగ్గుతో తల వాలిపోయింది. వెనక్కి వచ్చేసరికి వీధిలో కమ్మరి బండి, దాని మీద తలుపు.

“ఎక్కడికిరా?”

“నీ కూతురే పోతుంటే మేమెందుకు తాతా, ఇసుక బుక్కడానికా?”

“అది పోవట్లేదురా. నేనే తప్పు చూశాను.”

తాత నోట ఆ మాట ఎవరూ ఎన్నడూ వినలేదు. అందుకే కమ్మరి నమ్మలేదు. “కూతురి కోసం కప్పిపుచ్చుతున్నావు. ఆవిణ్ణే చెప్పమను” అన్నాడు.

తన ఊళ్ళో తన మాట చెల్లక, తాత కాలవ గట్టున వెతుక్కుంటూ పోయి కూతుర్ని పిలుచుకొచ్చాడు. మోకాళ్ళదాకా బురదతో వచ్చిందామె.

“ఎక్కడికి పోతాం అన్నా? రేపు పైకాలవ పూడిక తియ్యాలి. పారలన్నీ మొద్దుబారాయి. ఆ తలుపు దించి కొలిమి అంటించు” అంది.

కమ్మరి గొణుక్కుంటూ తలుపు దించాడు. తాత వైపు ఎవరూ చూడలేదు. జనం ఆమె చుట్టూ చేరి రేపటి పని గురించి మాట్లాడుకుని వెళ్ళిపోయారు.

“నన్ను అడగొచ్చుగా నాన్నా?” అంది కూతురు.

“అడగడం నాకు చేతకాదమ్మా.”

“ఇప్పుడడుగు.”

తాత అడిగాడు. “పోవాలని ఉందా నీకు?”

లేదని నవ్వేస్తుందనుకున్నాడు. ఆమె నవ్వలేదు.

“ఎండాకాలం వచ్చిందంటే అనిపిస్తుంది నాన్నా. నీకెప్పుడూ అనిపించలేదా?”

తాత తలుపు లేని ఆమె గుమ్మం కేసి చూశాడు.

“రోజూ అనిపించేదమ్మా” అన్నాడు.