శుభలేఖలాంటి జాబితా

మాది ఒకప్పుడు దివాణం. కడియంలో నేను పనిచేసే నర్సరీ యజమాని తాతగారు మా తోటల్లో అంట్లు కట్టేవారు. ఇప్పుడు ఆ మనవడి ఇంగ్లీషు ఉత్తరాలు నేను రాస్తున్నాను. అందులో నాకు చిన్నతనం లేదు. ఉత్తరం కింద నా సంతకం ఉంటుంది. నాకు మిగిలిన ఆస్తి అదొక్కటే.

ఒక వేసవిలో నాగపూర్ నుంచి మా పాత కొనుగోలుదారు ఫోన్ చేశాడు. మా నర్సరీ మెయిల్ చిరునామా నుంచి, నా సంతకంతో, ధరల పట్టిక వచ్చిందట. తెరవగానే ఆయన ఆఫీసులో కంప్యూటర్లన్నీ మూతబడ్డాయట. నేను పంపలేదన్నాను. ఎవడుపడితే వాడు వాడుకునే పేరుకు విలువేముందన్నాడు. తొలకరిలోగా సరిచేసుకోకపోతే మొక్కలు వేరేచోట కొంటానన్నాడు. యజమాని నాగపూర్ వెళ్ళాల్సిన తన మొక్కల లారీల గురించి బాధపడ్డాడు. నాకు పేరు గురించి అన్న మాట గుచ్చుకుంది.

రాజమండ్రి నుంచి కంప్యూటర్లు చూసే ఆవిడ వచ్చింది. ప్రతి డొమైనుకూ, అంటే మెయిల్ చిరునామాలో చివరనుండే పేరుకు, ఒక జాబితా ఉంటుందట. ఆ పేరు మీద ఉత్తరాలు పంపే హక్కు ఏ సర్వర్లకు, అంటే ఏ పంపే కంప్యూటర్లకు, ఉందో అందులో రాసి ఉంటుంది. ఉత్తరం అందుకునేవాళ్ళ సర్వరు దాన్ని చూసి దొంగ ఉత్తరాలను పట్టుకుంటుంది. మా జాబితా తెరిచి ఆవిడ వరుసలు లెక్కపెట్టింది.

దాన్ని యజమాని శుభలేఖ వేసినట్టు వేయించాడు. జంగారెడ్డిగూడెంలో పామాయిల్ మొక్కలు అమ్మే బావమరిది, పండగ శుభాకాంక్షలు పంపే మేనల్లుడు, పెద్దల్లుడు, వియ్యంకుడి తమ్ముడు, అందరూ మా పేరుమీదే మెయిళ్ళు పంపుతారు, ఒక్కొక్కరిదీ ఒక్కో సర్వరు. ఎవరిని వదిలితే ఎవరికి కోపమోనని ఒక్కరినీ వదల్లేదు. వెతకవలసిన పేర్లు పది దాటితే అవతలివాళ్ళు జాబితా మొత్తాన్నీ పక్కన పడేస్తారట; మావి ఎప్పుడో దాటాయి. అంటే అందరినీ పిలిచి, ఎవరికీ ఆకు వేయలేదన్నమాట. పైగా, దొంగ ఉత్తరాన్ని ఏం చేయాలన్న చోట ‘ఊరికే చూసి వదిలేయండి’ అని ఉంది. దొంగ వచ్చిన వేళ రాసుకుని తలుపు తీసే కాపలావాణ్ణి మా యజమానే పెట్టుకోగలడు.

“బావమరిదిని తీసేయమంటే ఎలాగండీ? రేపు మా గడప తొక్కుతాడా?” అన్నాడాయన.

“మనిషిని కాదండి, ఆయన వాడే సర్వర్ని. ఆయన కూడా మీ మెయిల్లోంచే పంపుకోవచ్చు.”

ఆయన నావైపు తిరిగాడు. “దివాణం వారూ, మీరే చెప్పండి వాళ్ళకి. మీకైతే మొహమాటాలుండవు కదా.”

చుట్టాలకు జడిసే మనిషికి వందెకరాల తోట ఎందుకిచ్చాడో దేవుడు! జాబితా అచ్చు తీయించి, ఆ కాగితం ఇటిమ్మన్నాను. ఆవిడ ఒక వరుస మీద వేలు పెట్టి, “ఇదెవరిదండీ?” అంది.

అది నాది. నర్సరీ ఉత్తరాల నెత్తిన ఉండే ఆకుపచ్చ పువ్వుల బొమ్మ నాకు రోత. నా ఉత్తరాలు వేరే అచ్చుతో వెళ్ళాలని వేరే సర్వరుతో సొంత ఏర్పాటు చేసుకున్నాను. ఆ మాటే చెప్పాను. ఆవిడ నవ్వలేదు. కొందరికి పుట్టుకతో మర్యాద వస్తుంది. ముందు దాన్నే కొట్టేశాను.

తర్వాత వరుసగా ఫోన్లు చేశాను. బావమరిది ఇంతెత్తున లేచాడు. “మమ్మల్ని తీసేసి ఎవర్నుంచారండీ? మిమ్మల్నా?”

“మొదట కొట్టేసింది నన్నే.”

ఆయన ఫోన్ పెట్టేశాడు. మిగిలినవాళ్ళకూ ఆ ఒక్క మాటే చెప్పాను, సరిపోయింది.

జాబితాలో నర్సరీ సొంతవి రెండే మిగిలాయి. అసలు ఉత్తరాలకు కంటికి కనపడని మా ముద్ర వేయించి, అది లేనివాటిని తిప్పికొట్టమని రాయించింది ఆవిడ. బయటి నుంచి మా పేరుతో దొంగ ఉత్తరం ఒకటి పంపి చూస్తే నాగపూర్ గుమ్మం దాటలేదు. తొలకరికి లారీలు వెళ్ళాయి.

కానీ నా ఉత్తరం అందినప్పుడల్లా నాగపూర్ ఆయన ఫోన్ చేసి, ఇది మీరే రాశారా అని అడుగుతాడు. మా వంశంలో ఎవరూ తాము తామేనని ఒకరికి చెప్పుకోలేదు. నేను వారానికోసారి చెప్పుకుంటున్నాను.