కింది అంతస్తు ఏడుపు

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే, ముందు వాళ్ల షుగర్ చూడమంటాను. పన్నెండేళ్లుగా ఐసీయూలో నర్సుని. కళ్లతో చూసి, చార్టులో రాసిందే నమ్ముతాను.

పోయిన వానాకాలంలో నాచారంలోని మా ఆసుపత్రికి బోడుప్పల్ నుంచి సుజాత అనే అమ్మాయిని తెచ్చారు. తొలి కాన్పు. బీపీ పెరిగి ఫిట్స్ వచ్చాయి. ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. తల్లికి స్పృహ రాలేదు. ఆమెను మూడో అంతస్తులో మా దగ్గర వెంటిలేటర్ మీద, పాపను మొదటి అంతస్తులో పిల్లల ఐసీయూలో పెట్టారు.

బాలింతలకు మేం బీపీ, ఆక్సిజన్, రక్తపరీక్షలు కలిపి ఒక స్కోరు వేస్తాం. అది ఎంత పెరిగితే అంత ప్రమాదం. సుజాత స్కోరు చూసి డాక్టరమ్మ ఆమె అత్తతో, "గట్టిగా ఏమీ చెప్పలేను" అన్నారు.

ఆవిడ ఒళ్లో బైబిలు మూయకుండానే, "మీ లెక్క మీరు జెయ్యిన్రి మేడం. నా కోడల్ని నేను తోల్కపోత" అంది. నాకు చాలా జాలేసింది. ఆ స్కోరు తప్పడం నేను పెద్దగా చూడలేదు.

మర్నాడు మందులేవీ మార్చకుండానే సుజాత నాడి ఉన్నట్టుండి పెరిగి, కాసేపటికి దిగింది. మధ్యాహ్నంలోపు మూడుసార్లు అలాగే అయింది. వైర్లు మార్చినా అంతే.

భోజనాల దగ్గర పిల్లల ఐసీయూ సిస్టర్ కలిసింది. "మీ సుజాత బిడ్డది ఏం గొంతు సిస్టర్! పదీ పదికి అందుకున్నది, ఫ్లోరంత లేసింది" అంది.

నా చార్టులో నాడి పెరిగింది పదీ ఎనిమిదికి. పాప ఏడ్చిన, పాలు తాగిన టైములు రాసే వాళ్ల పాల చార్టు తెప్పించి పక్కన పెట్టాను. మూడుసార్లూ అంతే, పాప ఏడవడానికి రెండు నిమిషాల ముందు తల్లి నాడి లేచింది. గడియారాల తేడా అనుకుని రెండు అంతస్తులవీ నా ఫోన్‌తో సరిచూశాను. రెండూ సరిగ్గానే ఉన్నాయి.

మూడో రోజు మత్తు తగ్గిస్తే సుజాత కళ్లు తెరిచింది. సాయంత్రం గొట్టం తీశాం. నేను డ్యూటీ సంగతి మరిచిపోయి వాళ్లత్తను వాటేసుకున్నాను. అంత సంతోషం నాకు ఆ వార్డులో ఎప్పుడూ కలగలేదు.

సుజాత బొంగురు గొంతుతో నన్ను పిలిచింది. "సిస్టర్, పాపకు ఆకలైతున్నది. జర పాలు తాపమనున్రి."

ఇప్పుడు దొరికావు, ఇదంతా ఉత్తదేనని తేలిపోతుంది అనుకుని కిందికి ఫోన్ చేశాను. "మంచిగ పండుకున్నది" అంది అక్కడి సిస్టర్. నాకు నవ్వొచ్చింది. ఫోన్ పెట్టేయబోతుంటే అవతల ఏడుపు మొదలైంది.

అదెలా జరిగిందో నేను ఇప్పటికీ చెప్పలేను. డాక్టరమ్మా చెప్పలేకపోయారు. సుజాత మాత్రం ఏమీ ఆశ్చర్యపోలేదు. "గట్ల సూస్కుంట నిలబడ్తరేంది సిస్టర్, ముందుగాల పాలు తాపమనున్రి" అని నన్నే కసిరింది.